లక్షలోపు గేమింగ్ పీసీ: షాపులో రాసిచ్చిన ఈ లిస్టు కొనొచ్చా?

స్టీల్‌సిటీ_కుర్రాడు
తమ్ముడు ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకి వచ్చాడు, కంప్యూటర్ సైన్స్. మార్కులు బాగా తెచ్చుకుంటే గేమింగ్ పీసీ కొనిపెడతానని మాటిచ్చాను, తెచ్చుకున్నాడు. మానిటర్‌తో కలిపి లక్ష దాటితే నావల్ల కాదు. ద్వారకానగర్‌లో ఒక షాపుకెళ్తే ఈ లిస్టు రాసిచ్చారు:

ఐ7-14700ఎఫ్, హెచ్610 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, "750 వాట్ల" ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా, కంపెనీ పేరు రాయలేదు), ముందు కూడా అద్దమే ఉన్న క్యాబినెట్, రంగుల ఫ్యాన్లు, 24 అంగుళాల 75 హెర్ట్జ్ మానిటర్.

వాడు రోజూ ఆడేది వాలరెంట్. సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ ఆడాలని కోరిక. "ఐ7 కదా, అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నారు. రేపు అడ్వాన్స్ కట్టమంటున్నారు. కట్టొచ్చా?

ఫ్రేమ్స్_ముఖ్యం
కట్టకు.

పెందుర్తి_పిల్లోడు
ఏటి గురూ ఇది, ఐ7 పక్కన 3050 ఏటి! అదీ 6 జీబీది!

స్టీల్‌సిటీ_కుర్రాడు
ఎందుకు వద్దో చెప్పండి, నాకు ఈ నంబర్లు అంతగా తెలీవు. ఐ7 పెద్దదే కదా?

ఫ్రేమ్స్_ముఖ్యం
పెద్దదే. నీ తమ్ముడి పనికి అంత పెద్దది అక్కర్లేదు. 14700ఎఫ్‌లో 20 కోర్లుంటాయి, ఎనిమిది పెద్దవి, పన్నెండు చిన్నవి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి అవన్నీ పనికొస్తాయి. గేములో బొమ్మ గీసేది మాత్రం గ్రాఫిక్స్ కార్డు. 3050 6 జీబీ మొత్తం 70 వాట్ల కార్డు, మెమరీ బస్సు (డేటా నడిచే దారి వెడల్పు) 96 బిట్లు. పేరు అదే అయినా పాత 8 జీబీ 3050 కన్నా తక్కువది. సైబర్‌పంక్ పెడితే 1080పీలోనే సెట్టింగులు దించుకుంటూ పోవాలి, ప్రాసెసర్ ఏమో ఖాళీగా కార్డు కోసం ఎదురుచూస్తుంటుంది.

ఇంకో సంగతి. ఆ ప్రాసెసర్ టర్బోలో 219 వాట్ల దాకా లాగుతుంది. చవక హెచ్610 బోర్డుల్లో కరెంటు సర్క్యూట్ మీద హీట్‌సింక్ కూడా ఉండదు. గట్టి పని పడితే అక్కడ వేడెక్కి స్పీడు పడిపోతుంది. ఐ7 డబ్బు కట్టి ఐ5 స్పీడు తెచ్చుకున్నట్టు.

లక్షలో గేమింగ్ అంటే నా లెక్క ఒకటే: ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు, మిగిలిందంతా కార్డుకి పెట్టు, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకు.

ద్వారకానగర్_అసెంబ్లర్
షాపువైపు మాట కూడా వినండి. నేను అసెంబ్లింగ్ చేస్తాను, ఆ షాపు మాది కాదు. పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలు మొదట అడిగేది "ఐ5ఆ, ఐ7ఆ?" అనే. కార్డులో ఎంత మెమరీ, ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీ అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అందుకే షాపువాళ్లు ఐ7 పైన రాసి, డబ్బు సరిపెట్టడానికి కార్డూ బోర్డూ తగ్గిస్తారు. ఆ పద్ధతి నాకూ నచ్చదు. కానీ మీరు వెళ్లి "నాకు ఈ కార్డు, ఈ ఎస్‌ఎంపీఎస్ కావాలి" అని పేర్లతో అడిగితే అవే తెప్పిస్తారు. మన ఊళ్లో అలా అడిగి కొన్నవాళ్లు బోలెడంతమంది.

ఈఈఈ_మాస్టారు
అందరూ ప్రాసెసర్ దగ్గర మొదలుపెట్టారు. మొదలుపెట్టాల్సింది మానిటర్ దగ్గర. 1080పీలో ఒక్కో ఫ్రేముకి సుమారు 20 లక్షల 70 వేల పిక్సెళ్లు గీయాలి. 1440పీ అయితే దాదాపు 37 లక్షలు, అంటే 1.78 రెట్లు. ఏ మానిటర్ కొంటున్నావో తేలితే ఏ కార్డు కావాలో తేలుతుంది, ఆ కార్డుకి అడ్డం పడని ప్రాసెసర్ ఏదో తర్వాత చూసుకోవచ్చు.

వాలరెంట్ చాలా తేలిక గేము. మామూలు కార్డు మీదే బోలెడు ఫ్రేములు వస్తాయి, అక్కడ బరువంతా ప్రాసెసర్ మీదే. సైబర్‌పంక్ దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇతనికి రెండూ కావాలి కాబట్టి ఏ ఒక్కవైపూ మరీ ఒరిగిపోకూడదు. 75 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 75 ఫ్రేములే చూపిస్తుంది, అది తీసుకుంటే వాలరెంట్‌లో వచ్చే ఫ్రేముల్లో చాలావరకు కంటికి చేరవు. 144 పైన ఉన్నదే చూడు.

ఎన్‌ఏడీ_నైట్‌షిఫ్ట్
మాస్టారితో ఏకీభవిస్తా. నా సలహా ఏఎమ్5, అంటే ఏఎమ్‌డీ ప్రాసెసర్లు పట్టే కొత్త సాకెట్. రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5 16+16. ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా నడిపిస్తామని ఏఎమ్‌డీయే చెప్పింది. రెండేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. దాని ముందు సాకెట్ ఏఎమ్4 2017 నాటిది, ఇంక ముందుకు దారి లేదు.

పెందుర్తి_పిల్లోడు
డీడీఆర్5 32 జీబీ రేటు ఈమధ్య చూసేవా అన్నా? 2025 చివర్నుంచి ర్యామ్ కొండెక్కి కూకుంది. చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకే ఎల్లిపోతన్నాయంట.

అప్పన్నభక్తుడు_77
గూగుల్ వాళ్లు 1500 కోట్ల డాలర్లతో మన వైజాగ్‌లోనే డేటా సెంటర్ కడతామన్నారుగా. లోపలికెళ్లి రెండు స్టిక్కులు అడిగొద్దాం పద, ఊరివాళ్లం కదా.

పెందుర్తి_పిల్లోడు
ఆధార్ కార్డు తెచ్చుకో, లోకల్ కోటా 😄

స్టీల్‌సిటీ_కుర్రాడు
ర్యామ్ అంటే గుర్తొచ్చింది. మా బావ ఆఫీసులో పక్కన పెట్టేసిన కంప్యూటర్ ఒకటి ఇంట్లో ఉంది. అందులో డీడీఆర్4 8 జీబీ స్టిక్కులు రెండున్నాయి. పనికొస్తాయా?

ఫ్రేమ్స్_ముఖ్యం
ఇది ముందే చెప్పాల్సింది గురూ, లెక్క మొత్తం మారిపోతుంది! ముందు అవి డెస్క్‌టాప్ స్టిక్కులో కాదో చూడు. చిన్న సైజు ఆఫీసు పీసీల్లో ల్యాప్‌టాప్ ర్యామ్ వేస్తారు. అది పొడవు సగమే ఉంటుంది, మామూలు బోర్డులో పట్టదు. పొడవాటివైతే స్టిక్కర్ మీద 2666 ఉందో 3200 ఉందో చదువు.

స్టీల్‌సిటీ_కుర్రాడు
పొడవాటివే. రెండూ ఒకే కంపెనీ, 3200 అని ఉంది.

ఫ్రేమ్స్_ముఖ్యం
అయితే ఏఎమ్4కి వెళ్లు. రైజెన్ 5 5600, బీ550 బోర్డు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. 2022 ప్రాసెసరే అయినా ఈ స్థాయి కార్డుని బాగానే మోస్తుంది. ర్యామ్ ఖర్చు మిగిలింది కదా, దాన్ని కార్డులో పెట్టు.

ఎన్‌ఏడీ_నైట్‌షిఫ్ట్
ఒప్పుకోను. ఈరోజు మిగిలిన డబ్బు రేపు మొత్తం ప్లాట్‌ఫామ్ మార్చేటప్పుడు పోతుంది. బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ ఒకేసారి కొనాలి. 7600 ఫ్రేములు కూడా ఎక్కువే ఇస్తుంది, ముఖ్యంగా వాలరెంట్‌లో. కావాలంటే ఇప్పుడు డీడీఆర్5 16 జీబీ ఒక స్టిక్ వేసుకుని, ధర తగ్గాక రెండోది కొనుక్కోవచ్చు. డీడీఆర్5లో ఒక్కో స్టిక్‌లోనే రెండు ఛానెళ్లుంటాయి.

ఈఈఈ_మాస్టారు
ఆ చివరి మాట దగ్గర ఆగాలి. షాపుల్లో కూడా ఇదే చెబుతుంటారు. డీడీఆర్5 స్టిక్‌లో రెండు ఛానెళ్లు ఉన్న మాట నిజమే, కానీ ఒక్కోటి 32 బిట్లే. రెండూ కలిపితే 64, డీడీఆర్4 స్టిక్ ఒకదాని వెడల్పు కూడా అంతే. 128 బిట్లు కావాలంటే ఎప్పటిలాగే రెండు స్టిక్కులు వేయాలి. ఒక్క స్టిక్‌తో నడిపితే ఫ్రేములు ఉన్నట్టుండి పడిపోవడం ఎక్కువవుతుంది. సగటు చూస్తే బాగానే కనిపిస్తుంది, ఆడుతుంటే తెలుస్తుంది. షాపు లిస్టులో నాకు నచ్చనివాటిలో ఆ ఒంటరి స్టిక్ కూడా ఒకటి.

ఎన్‌ఏడీ_నైట్‌షిఫ్ట్
ఒక్క స్టిక్ తాత్కాలికమేగా మాస్టారూ. సాకెట్ గురించి నా మాట అదే.

ద్వారకానగర్_అసెంబ్లర్
ఇద్దరి మాటా నిజమే, కానీ చేతిలో ఉన్నది లక్ష. 5600 కొంటే మాత్రం డబ్బా మీద పేరు మొత్తం చదవండి. 5500, 5600జీ అని దగ్గరి పేర్లతో వేరేవి ఉన్నాయి. వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) 16 ఎంబీయే, పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) 3.0 దగ్గరే ఆగిపోతాయి. 5600లో 32 ఎంబీ, పీసీఐఈ 4.0. స్టాకు లేదని 5600జీ చేతిలో పెట్టి "ఇంకా మంచిది, గ్రాఫిక్స్ కూడా ఉంది" అంటే తీసుకోకండి. వేరే కార్డు వేస్తున్నప్పుడు ఆ గ్రాఫిక్స్‌తో పని లేదు.

అప్పన్నభక్తుడు_77
ఇంటెల్‌ని వదిలేశారేంటి? ఐ5-12400ఎఫ్ కూడా డీడీఆర్4 బోర్డు మీద నడుస్తుంది. మా ఆఫీసు కుర్రాడు కట్టించుకున్నాడు, హాయిగా ఆడుతున్నాడు.

ఫ్రేమ్స్_ముఖ్యం
12400ఎఫ్ కూడా మంచి ఎంపికే, 5600కీ దానికీ పెద్ద తేడా లేదు. ఆ రోజు బోర్డుతో కలిపి ఏది తక్కువకొస్తే అది. 12వ తరం కాబట్టి ఆ ఓల్టేజీ గొడవ కూడా లేదు.

స్టీల్‌సిటీ_కుర్రాడు
ఏ గొడవ?

ద్వారకానగర్_అసెంబ్లర్
ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, 65 వాట్లు ఆ పైన ఉన్నవాటిలో, ఓల్టేజీ మోతాదు మించి చిప్పు మెల్లగా పాడయ్యే సమస్య బయటపడింది. 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణ) ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. ఇప్పుడు కొనేవాళ్లు కొత్త బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) వేయించుకుంటే భయపడక్కర్లేదు. ఇప్పటికే పాడైన చిప్పుని మాత్రం బయోస్ బాగుచేయలేదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ తరాలు నేనైతే ముట్టుకోను.

స్టీల్‌సిటీ_కుర్రాడు
సరే, ఏఎమ్4 వైపే మనసు లాగుతోంది. మరి కార్డు?

ఫ్రేమ్స్_ముఖ్యం
ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది. 8 జీబీది కూడా అదే పేరుతో ఉంది, జాగ్రత్త.

పెందుర్తి_పిల్లోడు
ఆర్‌టీఎక్స్ 5060 బాగోదా? డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ పిక్సెళ్లు గీసి ఏఐతో పెద్దది చేసేది) ఉంది, ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించేది) ఉంది, రేటూ తక్కువే.

ఫ్రేమ్స్_ముఖ్యం
1080పీ మానిటర్‌తో ఆగిపోయేవాళ్లకి బాగుంటుంది. కానీ 8 జీబీ. పీఎస్5లో గేమూ గ్రాఫిక్సూ కలిపి వాడుకునే మెమరీ 16 జీబీ. ఇప్పుడు పెద్ద గేములు దాన్ని చూసే తయారవుతున్నాయి. 8 జీబీ నిండిపోతే మిగిలిన సరుకు పీసీఐఈ దారిలో మామూలు ర్యామ్‌కి వెళ్లి రావాలి, అక్కడే కుదుపులు మొదలవుతాయి. 5060కి ఆ దారి కూడా ఎనిమిది లేన్లే. 9060 ఎక్స్‌టీకి పదహారు. పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిన పాత బీ450 బోర్డు మీద అయితే తేడా ఇంకా తెలుస్తుంది.

ఫ్రేమ్ జనరేషన్ మంచిదే, కానీ అసలు ఫ్రేములు 60 దగ్గర ఉన్నప్పుడు. 30 ఫ్రేముల్ని పెంచి 100 చూపించినా మౌస్ కదిపితే ఆ బరువు 30దే. వాలరెంట్‌కి దానితో పనే లేదు.

లాసన్స్‌బే_అక్క
కార్డు విషయంలో నేను వేరే మాట చెప్తాను. నేను ఇంటీరియర్ డిజైన్లు చేస్తాను, రోజంతా బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) మీదే. రెండరింగ్‌కి ఎన్విడియా కార్డుల్లో ఆప్టిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే వేగం ఏఎమ్‌డీలో నాకు దొరకలేదు. అబ్బాయి కంప్యూటర్ సైన్స్ అంటున్నావు, రేపు మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్తే క్లాసులో చూపించే ఉదాహరణలన్నీ ఎన్విడియా కార్డుల మీదే నడిచే సీయూడీఏ (CUDA) మీదే ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ ధర ఎంతుందో చూడు తమ్ముడూ. గేమొక్కటే చూసి కొనకు.

ఫ్రేమ్స్_ముఖ్యం
అక్కా, 5060 టీఐ 16 జీబీ పెడితే మానిటర్‌కి డబ్బు మిగలదు. రెండో ఏడాది కుర్రాడికి గూగుల్ కోలాబ్‌లో (ఆన్‌లైన్‌లో ప్రోగ్రాములు నడుపుకునే చోటు) ఉచితంగా దొరికే కార్డు చాలు.

లాసన్స్‌బే_అక్క
కోలాబ్ ఉచితంగా ఇచ్చేది కొంతసేపే, మధ్యలో కనెక్షన్ కట్ చేస్తారు. ఇంట్లో ఉంటే రాత్రంతా ప్రయోగాలు చేసుకోవచ్చు. అయినా అది ఆ అబ్బాయే చెప్పాలి. అడుగు తమ్ముడూ, ఇక్కడ మనం ఊహించడం ఎందుకు.

స్టీల్‌సిటీ_కుర్రాడు
అడిగాను. వాడికి వెబ్ డెవలప్‌మెంట్ మీదే ఆసక్తి. "మానిటర్ మాత్రం 1440పీ కావాలి అన్నయ్యా" అన్నాడు.

ఫ్రేమ్స్_ముఖ్యం
అయితే తేలిపోయింది. 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ ఆ పైన.

లాసన్స్‌బే_అక్క
సరే, ఆ పనికైతే నాకూ సమ్మతమే. ఇల్లు ఎక్కడ తమ్ముడూ? సముద్రానికి దగ్గరైతే ముందు అద్దమున్న ఆ క్యాబినెట్ వద్దే వద్దు. మా వీధిలో ఏసీ కాయిల్స్‌నే ఉప్పుగాలి తినేస్తుంది. ముందు జాలీ ఉండి, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ తీసుకో. బీచ్ వైపు కిటికీ కింద పెట్టకు. సెలవులకి ఊరెళ్లినప్పుడు గుడ్డ కప్పి వెళ్లు. తిరిగొచ్చాక గాలాడే గదిలో కాసేపు ఉంచి ఆన్ చెయ్యి. రంగుల ఫ్యాన్లు ఎన్ని ఉన్నా లోపలికి గాలి వచ్చే దారి మూసుకుపోతే లాభం లేదు. ముందు రెండు, వెనక ఒకటి చాలు.

స్టీల్‌సిటీ_కుర్రాడు
గాజువాక అక్కా. సముద్రం కొంచెం దూరమే, దుమ్ము మాత్రం బాగా ఎక్కువ.

లాసన్స్‌బే_అక్క
అయితే ఫిల్టర్ తప్పనిసరి. నెలకోసారి దులుపు.

ఈఈఈ_మాస్టారు
ఇక ఎస్‌ఎంపీఎస్. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్నది దీని దగ్గరే. లెక్క చూద్దాం. 9060 ఎక్స్‌టీ 16 జీబీ సుమారు 160 వాట్లు. 5600 పూర్తి పని మీద 76. బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 40-50 అనుకో. 300 దాటదు. కార్డు క్షణకాలం పైకి ఎగిరే పోట్లు కలుపుకున్నా మంచి కంపెనీ 550 వాట్లది నిక్షేపంలా సరిపోతుంది. రేపు పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650. పేరు లేని 750 కన్నా పేరున్న 550 ఎంతో మేలు.

80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర చూసి మురిసిపోకు. ఆ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది. ఓల్టేజీ పెరిగినా, షార్టయినా లోపలి రక్షణ పనిచేస్తుందా లేదా అన్నది అందులో ఉండదు. దానికి ఆ మోడల్ మీద వచ్చిన పరీక్షలు చదవాలి, వారంటీ అయిదేళ్లయినా ఉండాలి.

మన ఇళ్లలో ఎర్తింగ్ సంగతి కూడా చెప్పాలి. క్యాబినెట్ ఇనుముకి చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంటోందని చాలామంది అంటారు. ఎస్‌ఎంపీఎస్ ముందు భాగంలో నాయిస్ ఆపే కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. గోడ సాకెట్‌లో ఎర్త్ వైరు సరిగా లేకపోతే ఆ కొద్ది కరెంటు బాడీ మీదే ఉండిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అది పోదు. పీసీ పెట్టే గదిలో మూడో పిన్ను నిజంగా భూమికి కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఇది కొనేముందే చెయ్యి.

పెందుర్తి_పిల్లోడు
మాకు గాలేస్తే చాలు కరెంటు ఎల్లిపోద్ది. యూపీఎస్ కొనాలా మాస్టారూ, ఇంట్లో ఇన్వర్టర్ చాలదా?

ఈఈఈ_మాస్టారు
ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే అందులో పెట్టి చూడు. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయాక సుమారు 16 మిల్లీసెకన్లు తట్టుకుంటుంది. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా మారితే పీసీ రీస్టార్ట్ అయిపోతుంది. విడిగా యూపీఎస్ కొంటే వీఏ చూసి మోసపోకు, వాట్లు చూడు. 600 వీఏ అన్నది సాధారణంగా 360 వాట్లే. ఇతని పీసీకి మానిటర్ కూడా కలుస్తుంది కాబట్టి 1000 వీఏ వైపు వెళ్లాలి, వీలైతే ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నున్నటి అల ఇచ్చేది).

ఎన్‌ఏడీ_నైట్‌షిఫ్ట్
ఆన్‌లైన్‌లో కొంటావా, ఊళ్లోనా? కార్డు, ప్రాసెసర్ ఆన్‌లైన్‌లో తక్కువకొస్తున్నాయి.

ద్వారకానగర్_అసెంబ్లర్
నా పొట్టకూటి మాట అనుకోకండి. ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ ఆన్‌లైన్‌లో కొన్నా ఫర్వాలేదు, పాడయ్యేది తక్కువ. బోర్డు, ఎస్‌ఎంపీఎస్, మానిటర్ ఊళ్లో కొనండి. మొదటిరోజే తేడా వస్తే పట్టుకెళ్లి మార్చుకోవచ్చు. మానిటర్‌ని షాపులోనే ఆన్ చేయించి నల్లచుక్కలు చూడండి. కార్డు ఎక్కడ కొన్నా బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మన ఊళ్లోనే ఉందా, హైదరాబాద్ పంపాలా అన్నది ముందే అడగండి.

స్టీల్‌సిటీ_కుర్రాడు
ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు, ఆ గదిలో ఎర్త్ వైరు అసలు కలపనే లేదట. కలిపించాను, థాంక్స్ మాస్టారూ. తీసుకున్నవి: 5600, హీట్‌సింకులున్న బీ550 బోర్డు, బావ ర్యామ్, 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 1 టీబీ జెన్4 ఎస్‌ఎస్‌డీ, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అయిదేళ్ల వారంటీతో, జాలీ క్యాబినెట్, 27 అంగుళాల 1440పీ 180 హెర్ట్జ్ మానిటర్. లక్షలోపే అయింది. ఆదివారం తమ్ముడూ నేనూ కూర్చుని బిగిస్తాం. ఏం చూసుకోవాలి?

అప్పన్నభక్తుడు_77
ఆ కూలర్ అడుగున పేస్టు కంపెనీవాళ్లే పూసి ఇస్తారు. మళ్లీ పైనుంచి అప్పన్న స్వామికి చందనం పూసినట్టు పూయకండి.

ఫ్రేమ్స్_ముఖ్యం
ర్యామ్ స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటులో పెట్టు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చు, 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డుకి గుచ్చితే బొమ్మే రాదు. బయోస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తం ప్రాసెసర్‌కి ఒకేసారి అందేలా చేసేది) ఆన్ చెయ్యి. వాలరెంట్‌కి విండోస్ 11లో టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ కావాలి, అవి ఆన్ చేశాకే విండోస్ ఎక్కించు. చివర్లో డిస్‌ప్లే సెట్టింగుల్లో 180 హెర్ట్జ్ ఎంచుకో. విండోస్ చాలాసార్లు 60 దగ్గరే వదిలేస్తుంది.

స్టీల్‌సిటీ_కుర్రాడు
పాత ర్యామ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎన్‌ఏడీ_నైట్‌షిఫ్ట్
విండోస్ ఎక్కించే ముందే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా వదిలెయ్. ఎర్రగా ఒక్క లైను కనిపించినా స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి మళ్లీ నడుపు, ఏది పోయిందో తెలిసిపోతుంది. తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్పీడు 3200 చూపిస్తోందో లేదో చూడు. తక్కువ చూపిస్తే బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని స్టిక్కర్ మీది స్పీడుకి తెచ్చే సెట్టింగు) ఆన్ చేస్తే చాలు. ఆఫీసు పీసీ స్టిక్కుల్లో ఎక్స్‌ఎమ్‌పీ ఉండకపోవచ్చు, అవి మామూలుగానే 3200కి వస్తాయి.

పెందుర్తి_పిల్లోడు
బిగించేక సైబర్‌పంక్‌లో ఎన్ని ఫ్రేములొచ్చేయో బేగి చెప్పు గురూ. నేనూ అదే కార్డు మీద కన్నేసేను.